కంటి మాట, కడుపు మాట

మా మనుమరాలు శ్రావణి లోపలి గదిలోకి పోయి గొళ్లెం పెట్టుకుంది. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు అది. ఫోనులో తన పేరు కింద ఎర్రటి అక్షరాలతో ఒక్క మాట వచ్చిందట. అది చూసి ఫోనును బియ్యం డబ్బా మీద బోర్లా పెట్టి, ఎవరితో ఏమీ అనకుండా నడిచిపోయింది. మా కోడలు తలుపు ముందు కూలబడి "తలుపు తియ్యి బిడ్డా, నీ కాల్మొక్కుత" అని ఏడుస్తూ ఉంది. నా కొడుకు ఆటో తోలుకుని గజ్వేలు దాకా పోయాడు. ఫోను చేస్తే వస్తున్నానన్నాడు. లోపలి నుంచి ఒక్కసారే గొంతు వినబడింది. "నేను ఫెయిల్. ఇగ నన్ను ఇడిచిపెట్టుండ్రి." ఆ తర్వాత చప్పుడు లేదు. ఆ గదికి వసారా వైపు చువ్వల కిటికీ ఉంది. పిల్ల దానికి పరదా వేసింది గాని, పరదా పొట్టిది. కింది సందులోంచి చూస్తే మంచం అంచున ఆమె పాదాలు కనబడుతున్నాయి. ఆ పాదాలు కదిలినప్పుడల్లా నా పానం తిరిగి నా ఒంట్లోకి వచ్చేది. కదలకపోతే పోయేది.

ఇరుగుపొరుగు వచ్చి తలుపు పగలగొట్టమన్నారు. పై ఇంట్లో కిరాయికి ఉండే సారు వద్దన్నాడు. ఆయన బడిపంతులుగా చేసి దిగిపోయిన మనిషి. "పొల్ల మన కండ్ల ముంగటనే కూసున్నది. తండ్రి వచ్చేదాక ఇట్లనే సూసుకుంట మాట్లాడుదం. దడుసుకుంటది" అన్నాడు. ఎప్పుడూ చదువుకునే పలచటి పుస్తకం ఒకటి చేతిలోనే ఉంది. కిటికీ పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు.

"శ్రావణీ, నిన్ను ఓదార్చనీకి రాలే. ఒక్క ముచ్చట చెప్పి పోత. దీన్ని జనరల్ సెమాంటిక్స్ అంటరు. పేరు పెద్దగున్నది గని లోపల ఉన్నది చిన్న ముచ్చటే. పటం మీద సిద్దిపేట అని ఒక చుక్క పెడ్తరు. గా చుక్క మీద నిలబడి చాయ తాగుతమా? ఊరు వేరు, చుక్క వేరు. మాట గూడ గంతే. నువ్వు 'నేను ఫెయిల్' అన్నవు. తప్పింది లెక్కల పేపరు. గది గూడ పరీక్షల నాడు రాసిన పేపరు. గానాటి పిల్ల వేరు, ఇయ్యాల గీడ కూసున్న పిల్ల వేరు. ఏ మాట చెప్పినా చివర్ల 'ఇంకా' అని పెట్టుకోవాలె. ఎందుకంటే ఏ మాటా మొత్తం చెప్పదు."

లోపలి నుంచి జవాబు వచ్చింది. "మీ పుస్తకం మంచిగనే ఉన్నది సార్. కాలేజోళ్లు గూడ గదే సదివితే బాగుండు."

సారు తల వంచుకున్నాడు. ఆయన చెప్పింది తప్పు కాదు, చెప్పిన తీరు కూడా తప్పు కాదు. కాని మునిగేవాళ్లకు ఈత గురించి చెప్పినట్టయింది. ఆయన మాటలు వింటుంటే నాకు మాత్రం ముక్కులో తంబాకు ఘాటు తగిలింది. ఆ ముచ్చట నాకు కొత్త కాదు. పేరే కొత్త. మా బాపమ్మ, అంటే మా బాపును కన్న తల్లి, నా చిన్నప్పుడు పొద్దంతా చెప్పిందే అది. నేను మూడో తరగతితో బడి మానిన దాన్ని. నాకు పుస్తకం లేదు, జ్ఞాపకం ఉంది. సారును లేవమని ఆ పీట మీద నేను కూర్చున్నాను. కిటికీ చువ్వలు పట్టుకుని ఆ పొద్దు పిల్లకు చెప్పిన ముచ్చటనే ఇక్కడ రాస్తున్నాను. ఆమెకు చెప్పకుండా మింగిన ముక్కలు కూడా రాస్తున్నాను.

మా ఇంట్లో ఆడవాళ్లంతా బీడీలు చేసేవాళ్లు. ముందు రోజు తడిపిన తునికాకును తడి గోనెసంచిలో చుట్టి మూలకు పెడితే, తెల్లారి విప్పేసరికి వానలో తడిసిన అడవి ఇంట్లోకి వచ్చి కూర్చున్నట్టుండేది. దాని మీద తంబాకు ఘాటు. తాగే జొన్న గటకలో అదే వాసన, దిండులో అదే వాసన, అమ్మ కొంగు పట్టుకుంటే అదే వాసన. కొత్త చుట్టాలు వస్తే తుమ్మి తుమ్మి కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు. బాపమ్మ గోడకు ఆనుకుని, కాళ్లు చాపి, ఒళ్లో చేట పెట్టుకుని కూర్చునేది. ఆమె పక్కన అరిగిపోయిన రేకు ముక్క ఒకటి ఉండేది. బీడీకి ఆకు ఎంత కావాలో అంత కొలత దానిది. ఆకు మీద రేకు పెట్టి చుట్టూ కత్తెర తిప్పాలి. కత్తిరించిన ఆకులన్నీ ఒకే తీరుగా ఉంటాయి. మిగిలిన అంచులు, ఈనెలు, పురుగు తిన్న మూలలు కింద రాలిపోతాయి. సాయంత్రం అవన్నీ ఊడ్చి పొయ్యిలో వేస్తే నీళ్లు కాగేవి.

ఆ రేకును చూపించి బాపమ్మ అనేది, "రేకు ఎట్లుంటే ఆకు అట్ల తెగుతది. మరి రేకు అవతల పడ్డది ఆకు గాదానే? గదీ ఆకే. మనకు అక్కెర లేక పారేసినం. మాట గూడ గీ రేకసొంటిదే. మనిషి మీద పెట్టి కోస్తం. మిగిలిన మనిషిని ఊడ్చి పొయ్యిల ఏస్తం." నిన్న తడిపిన ఆకు నేడు వంగుతుంది, రేపటికి ఎండితే అదే ఆకు పటుక్కున విరుగుతుంది. "ఆకు మంచిది గాదు అనకుండ్రి. ఏ పొద్దు ఆకో చెప్పుండ్రి" అని మా అమ్మను కూడా కోప్పడేది.

బీడీలు చేసేచోట చేతులకు తీరిక ఉండదు. నోళ్లకు మాత్రం కావలసినంత. గల్లీ ఆడవాళ్లంతా చేటలు తెచ్చుకుని మా వసారాలోనే చేరేవాళ్లు. అక్కడ బాపమ్మ పెట్టిన కట్టడి ఒకటి ఉండేది. ముచ్చట మోసుకొచ్చినవాళ్లు ముందు నీళ్లు తాగాలి. తాగాక, అది కంటి మాటో, చెవి మాటో, కడుపు మాటో చెప్పాలి. కంటి మాట అంటే చూసింది. చెవి మాట అంటే విన్నది. కడుపు మాట అంటే లోపలి బుగులు, భయం వండి వడ్డించింది. ఒకసారి మా పక్కింటి శంకరవ్వ ఉరికొచ్చింది.

"ఓ పెద్దవ్వా, కిష్టయ్య పెండ్లాం లేచిపోయిందట!"

"నీళ్లు తాగు. తాగినవా? సూసినవా?"

"సూడలే. రాజవ్వ చెప్పింది."

"రాజవ్వ సూసిందా?"

"ఆమె గూడ సూడలే. తలుపుకు తాళమున్నదట."

"గట్లయితే మన తాన ఉన్న కంటి మాట ఏంది?"

శంకరవ్వ చెంబు కింద పెట్టింది. "తాళం."

"గా తాళం ముచ్చటే చెప్పు మరి. ఊకె గా పిల్లనెందుకు లేపుతున్నవ్?"

వసారా అంతా నవ్వింది. సాయంత్రానికి కిష్టయ్య పెండ్లాం తల్లిగారింటి నుంచి చింతపండు మూట ఎత్తుకుని దిగింది. శంకరవ్వ ఎదురుపోయి ఆ మూట దించింది కూడా. అట్లా నవ్వుకుంటూ నేర్చుకున్నాం. అది ఒకనాటికి మెడ మీదికి వస్తుందని ఎవరనుకున్నారు?

బాపమ్మ చిన్నబిడ్డ నర్సవ్వ, నాకు మేనత్త. మిరుదొడ్డి అవతలి పల్లెకు ఇచ్చారు. ఒక మధ్యాహ్నం ఆమె బట్టల మూట, తన బీడీల చేట పట్టుకుని బస్సు దిగి వచ్చింది. బాపమ్మ గుమ్మంలోనే నీళ్ల చెంబు ఇచ్చింది. అత్త తాగింది, మళ్లీ అడిగి తాగింది. తర్వాత చెప్పింది. బావగారి పసిగుడ్డుకు ఆమె స్నానం పోసిన నాడే ఫిట్స్ వచ్చాయి. ఆ వెంటనే ఇంటి బర్రె చచ్చింది. అత్తగారి ఇంట్లో "ఇది బాణామతి చేస్తుంది" అన్నారు, అంటే చేతబడి చేసి చంపే మనిషన్నమాట. ఊళ్లో ఆ మాట పడ్డ ఆడదాన్ని బావి దగ్గరికి రానివ్వరు. పళ్లూడగొట్టిన ఊళ్లు కూడా ఉన్నాయి. మొగుడు అడ్డం రాలేదు, అవునని కూడా అనలేదు. నేల చూసుకుంటూ నిలబడ్డాడట. ఇంత చెప్పినా అత్త ఆ మాటను మాత్రం నోటితో పలకలేదు. "నన్ను గా మాట అన్నరవ్వా" అన్నది, అంతే.

నర్సవ్వత్త బీడీ చుడితే చూడాలి. వేళ్లు కదిలినట్టే ఉండేది కాదు, బీడీలు చేటలో రాలిపడేవి. పొద్దున నా తలకు నూనె రాసి, చిక్కు తీసి, రెండు జడలు వేసేది. తంబాకు వేళ్లతో రాస్తే పేలు కూడా పట్టవని నవ్వేది. కొన్నాళ్లు ఇల్లు నిండుగా ఉంది. తర్వాత ఆ మాట కూడా బస్సెక్కి వచ్చింది. మా గల్లీ పద్ధతి ఏమిటంటే, ఆడవాళ్లందరి బీడీ కట్టలు ఒకే గంపలో వేసి, వంతులవారీగా ఒకరు కార్ఖానాకు మోసేవాళ్లు. ఒక పొద్దు శంకరవ్వ కట్టలు గంపలో వేయకుండా నిలబడింది. "పెద్దవ్వా, కోపం రానియ్యకు. నర్సవ్వయి అలగు, వేరే గంపల పెట్టు. మా ఆయన దగ్గు ఎక్కువైంది. ఆమె చేతివి మావాటిల కలిసినప్పటి సంది" అన్నది. మిగతావాళ్లు కూడా తమ కట్టలు గంపలో వేయలేదు.

బాపమ్మ లేచింది. అందరి దగ్గర నుంచి కట్టలు గుంజుకుని, దారాలు విప్పి, అత్తవి, తనవి, అన్నీ పెద్ద చేటలో కుమ్మరించి కలిపింది. గల్లీ అంతా గుండె పట్టుకుంది. పొద్దంతా చేసిన పని అది.

"ఇగో, నర్సవ్వ చేసినయి ఏరుండ్రి. ఇసముంటే కానరావాలె గద. కంటి మాట చెప్పుండ్రి."

శంకరవ్వ వంగి, వాసన చూసి, తిప్పి తిప్పి కొన్ని తీసింది. మా అమ్మ వాటి ముడి చూసి నవ్వు ఆపుకోలేక "వదినె, గవి నీయేనే" అన్నది. శంకరవ్వ మొహం మాడిపోయింది. వెనక ఎవరో "నీ మొగని దగ్గుకు నువ్వే మందు పెట్టినవ్ పో" అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో ఆ పూట గట్టెక్కినట్టే ఉండింది.

అప్పుడు నర్సవ్వత్త ముందుకు వచ్చింది. ఎవరూ అడగలేదు. చేట ముందు కూర్చుని, వదులుగా ఉన్నవి, మూతి సరిగా ముడవనివి, పొట్ట ఉబ్బినవి ఒక్కొక్కటే ఏరి పక్కకు పెట్టింది. "గివి నాయి. గివి అలగు పెట్టుండ్రి" అన్నది. బాపమ్మ ఒక బీడీ తీసి చూసింది. ఆమె వేళ్లు అప్పటికే వణుకుతుండేవి. ఆ వదులు బీడీలు ఆమె చేసినవి.

"ఇవి నాయి బిడ్డా. నీయి గాదు. నీయి మంచిగున్నయి. ఇగ చూడు, ఇన్ని ఉన్నయి చేటల."

"లేదవ్వా. గివే నాయి."

నాకు ఆ పొద్దు అర్థం కాలేదు. బాపమ్మ మాత్రం ఆ వదులు బీడీలన్నీ తన ఒళ్లోకి తీసుకుంది. ఊరి నోట్లోని మాటను ఆమె ఆపగలిగేది. ఆ మాట బిడ్డ లోపలికి పోయి కూర్చుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఆనాటి నుంచి అత్త నా తల దువ్వడం మానింది. దువ్వెన పట్టుకుని దగ్గరికి పోతే "నా చేతులతోని వద్దు బిడ్డా, మీ అమ్మ తాన పో" అనేది. చూలుతో ఉన్న మేక ఎదురైతే మొహం తిప్పుకునేది. బాపమ్మ రోజూ దీపం పెట్టే వేళకు ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకునేది.

"ఇయ్యాల నీ చేతులు ఏం చేసినయి? కంటి మాట చెప్పు."

"ఆకు తడిపిన. బీడీలు చేసిన. బోళ్లు తోమిన."

"గిండ్ల గా మాట ఏడున్నది? చూపియ్యి."

"కానొస్తలేదవ్వా. కానరానిదే గద గది."

  కంటికి కనబడనిదాన్ని లేదని చూపించేదెట్లా? రేకు ఎంత చిన్నదైనా, దాని కింద పడ్డ ఆకు తాను అంతే అనుకుంటే కత్తెరను ఎవరు ఆపుతారు? బాపమ్మ బతిమిలాడింది, తిట్టింది, ఒకసారి చెంప మీద కొట్టి ఆ చేతినే పట్టుకుని ఏడ్చింది. "నా బిడ్డ మీదికెల్లి గా రేకు తియ్యి తల్లీ" అని పోచమ్మకు మొక్కింది. ఏదీ పని చేయలేదు.

ఒక పొద్దున నేను వేపపుల్ల నములుతూ వాకిట్లో నిలబడి ఉన్నాను. అత్త చేట చంకన పెట్టుకుని బయటికి వచ్చింది. నా ముందు ఆగింది. నా తల మీదికి చెయ్యి ఎత్తింది. మళ్లీ వెనక్కు తీసుకుంది. గల్లీ చివరన మెదక్ రోడ్డు వైపు మలుపు తిరిగింది. నేను చూసింది అంతే.

ఆ తర్వాత అన్నీ చెవి మాటలే. బావిలో పడ్డదన్నారు. భివండిలో బట్టల మిల్లులో కనబడ్డదన్నారు. ఎవరో సాధువుల వెంట పోయిందన్నారు. వచ్చిన ప్రతివాళ్లకూ బాపమ్మ నీళ్లిచ్చి "సూసినవా?" అని అడిగేది. చూసినవాళ్లు లేరు. ఏండ్లు గడిచాక మా బాపు ఒక పెత్తరమాస నాడు, అంటే చనిపోయినవాళ్ల పేరు మీద బియ్యమిచ్చే అమావాస్య నాడు, మెల్లగా కదిపాడు. "అవ్వా, చెల్లె పేరు మీద గూడ బియ్యమిద్దామే. దాని ఆత్మకు శాంతి ఉంటది."

"ఎవలు సూసిన్రురా అది సచ్చింది? సచ్చిందన్నది గూడ మాటనే గద. నా బిడ్డ మీద ఇంకో రేకు పెట్టనియ్య" అన్నది బాపమ్మ. తాను పోయేదాకా పెట్టనివ్వలేదు. బుద్ధి తేటగా ఉంచిన ఆ కట్టడే ఆమెకు నిద్ర లేకుండా చేసింది. చచ్చిందని అనుకుంటే ఏడ్చి ఊరుకునేది. బతికే ఉందనుకుంటే ఎదురుచూసేది. ఆమె రెండూ అనుకోలేక, బస్సు హారను వినబడినప్పుడల్లా సగం లేచి కూర్చునేది.

పిల్లకు నేను అత్త బీడీలు ఏరిన చోటు దాకా చెప్పి ఆగాను.  ఆనాడు మాటలు కాలినడకన వచ్చేవి, బస్సులో వచ్చేవి. గుమ్మంలో ఆపి నీళ్లిచ్చేంత వ్యవధి ఉండేది. ఇప్పుడు మాట నేరుగా అరచేతిలో పుడుతుంది. దానికి గుమ్మం లేదు. ఎవరిని ఆపాలి, ఎవరికి నీళ్లివ్వాలి?  కోడలితో నా పెట్టె తెప్పించి బాపమ్మ రేకు తీశాను. తుప్పు పట్టి అంచులు గరుకెక్కాయి. పరదా కింది నుంచి లోపలికి నెట్టాను. అది కిటికీ అంచు మీద చాలాసేపు అట్లే ఉంది. తర్వాత ఒక చెయ్యి వచ్చి దాన్ని తీసుకుంది.

"ఇగ ఏమైంది నాయినమ్మా?"

మిగిలింది చెప్పాను. వాకిట్లో నిలబడ్డది, చెయ్యి ఎత్తి దించింది, మలుపు తిరిగింది.

"సచ్చిపోయిందా?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. మంచిగ బతికింది, పిల్లల్ని కన్నది అని ఒక్క అబద్ధం చెబితే తలుపు తెరుచుకుంటుందేమో అనిపించింది. నోటి దాకా వచ్చింది కూడా.

"నాకెర్కలే బిడ్డా."

"నువ్వేమనుకుంటున్నవ్?"

"అనుకునేది కడుపు మాట. గది చెప్పితే మా బాపమ్మ ఊకోదు."

పిల్ల మెల్లగా అడిగింది. "ఆమె ఏరినయి బాపమ్మ చేసినయి గద. ఆమె చేసినయి చేటలనే ఉండె గద, మంచియి."

"ఉండె బిడ్డా. ఎక్కువ అవే ఉండె."

అప్పుడు పరదా కింద పాదాలు మాయమైనాయి. నేను చువ్వలు పట్టుకుని "శ్రావణీ!" అని అరిచాను. కోడలు తల తలుపుకేసి కొట్టుకుంది. సారు ఉరికొచ్చి తలుపుకు భుజం ఆనించి నెట్టాడు. ఆ క్షణాన నాకు కట్టడి లేదు, కంటి మాట లేదు. కడుపు మొత్తం నోట్లోకి వచ్చింది.

గొళ్లెం చప్పుడైంది.

ఆమె బయటికి రాలేదు. తలుపు తీసి మళ్లీ పోయి మంచం మీద కూర్చుంది. రేకు ఆమె గుప్పిట్లో ఉంది. గట్టిగా పట్టుకుందేమో, అరచేతిలో దాని అంచు అచ్చు పడి ఎర్రగా ఉంది. నేను నీళ్లిచ్చాను.

గల్లీలో ఎదురైనవాళ్లు "పొల్ల మంచిగయిందా?" అని అడుగుతున్నారు. వాళ్లకు నేను ఏం చెప్పాలి? నా కొడుకు ఆ గొళ్లెం ఊడబీకాడు. తలుపు మీద మేకుల తూట్లు ఉన్నాయి. ఈ పొద్దున శ్రావణికి చాయ ఇచ్చాను. సగం తాగి గ్లాసు నాకిచ్చింది. మిగతా సగం నేను తాగాను. నేను చూసింది ఇంతే. సారు చెప్పినట్టు దీని చివర ఒక మాట పెడుతున్నాను. ఇంకా.